గీత కింది చుక్క

చిక్కుడుకాయ కొస గిల్లి, ఈనెను తెగకుండా చివరిదాకా లాగి, పరిచిన పాత పేపరు మీద వేస్తోంది వర్ణిక. ఒక అంచు అయ్యాక కాయను తిప్పి రెండో అంచు. గబగబా లాగితే ఈనె మధ్యలో తెగుతుంది, మరీ నెమ్మదిగా లాగితే తోలు కూడా ఊడి వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న వేగం ఎంతో ఆమెను అడిగితే చెప్పలేదు, చేతికి తెలుసు. చేతికి చాలా సంగతులు తెలుసు. ఇప్పుడు వచ్చిన చిక్కు అదే. గోడ గడియారంలో తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. ఆదివారం కాబట్టి పదింటికి, ఆకాశం చూడటం నేర్పే విహారి సార్ పుణె నుంచి కంప్యూటర్‌లో తరగతి అందరినీ పిలుస్తారు. తరగతి వెతికి పట్టిన గెలాక్సీల జాబితా మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. మొత్తం ఇరవై ఒక్కటి, అందులో పదిహేడోది వర్ణిక కనిపెట్టింది. అది చదవగానే, అది తప్పు సార్ అని ఆమె చెప్పాలి, లేకపోతే ఊరుకోవాలి. ఊరుకుంటే సాయంత్రానికి జాబితా సైన్సు పత్రికకు వెళ్లిపోతుంది, పేరు అచ్చవుతుంది, జాబితా పని చూసుకోవడానికి రెండేళ్లపాటు పుణెలో ఒక మనిషి కావాలి, చూద్దాం అని సార్ అన్న మాట కూడా నిజం కావచ్చు. చెబితే చిక్కుడుకాయ కూర తిని, రేపు పొద్దున మళ్లీ స్టూడియోకి వెళ్లి సినిమా బొమ్మల్లో తీగలు చెరుపుకుంటుంది. ఇంకో కాయ తీసుకుంది. ఇది ముదురుది, గింజ గట్టిపడింది.

ఫిలింనగర్ ఎత్తు మీద రెండు పెద్ద మేడల మధ్య నొక్కుకుపోయిన పాత ఇల్లు ఇది. కింద రమామణి ఉంటుంది, పైన రేకుల గదిలో వర్ణిక అద్దెకుంటుంది. వరండాలోంచి చూస్తే ఎదురింటి డ్రైవరు తెల్ల కారును మూడోసారి తుడుస్తున్నాడు. ఆ కారెక్కే ఆయన పదకొండింటికి గానీ లేవడు, అయినా తొమ్మిదింటికల్లా కారు మెరవాలి. ఇంటి వెనక కొండరాయి. పగలగొట్టడం చేతకాక, కట్టినాయన వంటింటిని దానికే ఆనించి కట్టేశాడు. ఎండాకాలంలో ఆ రాయి పొద్దు గూకాక కూడా చాలాసేపు వేడి వదులుతూ ఉంటుంది, చెయ్యి పెడితే జ్వరం ఉన్న మనిషి వీపులా ఉంటుంది. ఊళ్లో ఇలాంటి రాళ్ల మీదే మిరపకాయలు ఎండబెట్టేవాళ్లు. ఊళ్లో మక్కచేను అంచున ఇప్పటికీ ఆమె గొంతు ఉంది. అడవిపందులు రాకుండా నాయన రాములు గొంతు పట్టే చిన్న మైకు పెట్టె కొని, పదో తరగతి చదువుతున్న వర్ణిక చేత ఓయ్, ఓయ్, ఉరుకుర్రి, ఉరుకుర్రి అని అరిపించి అందులో పట్టాడు. ఏ మనిషితోనూ గట్టిగా మాట్లాడని పిల్ల ఆ రోజు గొంతు చించుకుని అరిచింది. పదేళ్లయింది, ఆ పెట్టె ఇంకా పొద్దుగూకగానే అరుస్తోంది. మొన్న ఫోన్‌లో నాయన, నీ గొంతింటే పందులు ఇప్పటికీ ఉరుకుతున్నయి బిడ్డా, మారలే, అన్నాడు. పందులు మారలేదో గొంతు మారలేదో ఆమె అడగలేదు. అరిచిన మనిషి అక్కడ లేదని పందులకు ఎవరు చెబుతారు.

వంటింట్లోంచి రమామణి మాట్లాడుతూనే ఉంది. ఆమె మాట్లాడని క్షణం ఈ ఇంట్లో ఉండదు. పాలతో మాట్లాడుతుంది, పొంగవేం అని. బల్లితో మాట్లాడుతుంది. మనుషులు దొరికితే సరేసరి. ముప్పయ్యయిదేళ్లు డబ్బింగ్ చెప్పిన గొంతు అది, ఎంతోమంది కథానాయికల నోళ్లలోంచి వచ్చింది. ఇప్పుడు డెబ్భై ఏళ్లు, మోకాళ్లు అరిగాయి గానీ గొంతు పదిహేడేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఫోన్ ఎత్తితే బ్యాంకు వాళ్లు, అమ్మను పిలువు పాపా, అంటారు. ఆంటీ అని పిలిస్తే ఊరుకోదు, అక్కా అనాల్సిందే.

"ఏమే, కాయలు ఒలుస్తున్నావా, వాటికి కథలు చెబుతున్నావా?"

"ఐపోతున్నయ్ రమక్కా."

"పదింటికి నేనూ కూర్చుంటాను. బొమ్మలో పడకుండా పక్కన కూర్చుంటాలే. నీ పేరు చదివేటప్పుడు వినాలి. మొదటి పేరేగా?"

"గా ఒక్కదానికే మొదటి పేరు. మొత్తం పేపరుకు కాదు."

"ఏదో ఒకదానికి మొదటిదేగా! నాకు ఆఖరి పేరు కూడా పడలేదే, ముప్పయ్యయిదేళ్లలో. టైటిల్స్‌లో లైట్లు మోసినవాళ్ల పేర్లు వేశారు, భోజనాలు పెట్టినవాళ్ల పేర్లు వేశారు. ఒకసారి గుర్రం పేరు వేశారు."

గుర్రం మాట నిజమేనట. ఇంకొకటి కూడా నిజమే, అది ఆమె నవ్వుతూ చెప్పదు. ఎప్పుడో ఒక కథానాయికకు ఉత్తమ నటి బహుమతి వస్తే, రమామణి ఎనిమిదో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. వేదిక మీద ఆ అమ్మాయి బహుమతి అందుకుని మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడితే, ఆ గొంతు విని జనం ఇదేంటి అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఇప్పుడు నాలుగు రోజులుగా రమామణి పక్క వీధి లీలాకుమారికీ, కూరలమ్మేవాడికీ, మా పిల్ల ఆకాశంలో రాక్షసిని పట్టింది, పేరు పడుతోంది, అని చెబుతోంది. ఆ రాక్షసి ఎంత పొడుగే, అని వర్ణికను రోజూ అడుగుతుంది, వర్ణిక రోజూ చెబుతుంది, ముప్పై ఎనిమిది లక్షల కాంతి సంవత్సరాలు. అబ్బో, అని రోజూ కొత్తగా ఆశ్చర్యపోతుంది.

మొదటి ఆదివారం విహారి సార్ చెప్పినప్పుడు వర్ణిక మాత్రం ఆశ్చర్యపోలేదు, అంకెలు మరీ పెద్దవైతే మనసుకు బరువుండదు. ఒక గెలాక్సీ. దాని నడుమ ఒక కృష్ణబిలం. దాని దగ్గర నుంచి అటూ ఇటూ రెండు ధారలు చిమ్ముతాయి. ఆ ధారలు పోయి పోయి, ఎక్కడో వేగం చచ్చి, రెండు మబ్బుల్లా పరుచుకుంటాయి. కంటికి కనపడవు, రేడియో టెలిస్కోపుకే కనపడతాయి. మన పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకు లక్ష కాంతి సంవత్సరాలు. ఈ మబ్బులు రెండూ కలిపి ఆ కొస నుంచి ఈ కొసకు ఇరవై మూడు లక్షలు దాటితేనే దాన్ని భారీ రేడియో గెలాక్సీ అంటారు. పాత టెలిస్కోపులకు రెండు కొసలే అందేవి, మధ్యలో పలచటి పొగ అందేది కాదు. అందుకని ఒకే దాన్ని రెండు వస్తువులనుకుని రెండు నంబర్లిచ్చి రాసుకున్నారు. ఇప్పటి సర్వేలు సున్నితమైనవి, పుణె అవతల పొలాల్లో నిలబడ్డ ముప్పై పెద్ద డిష్షులు కలిసి ఒకే చెవిలా వింటాయి, అంత పలచటి పొగ కూడా పటంలో పడుతుంది. పడిందాన్ని చూడాలి కదా, అన్నారు సార్. కంప్యూటరు మచ్చల్ని వెతకగలదు, ఏ మచ్చకు ఏ మచ్చ జతో తేల్చడంలో తప్పులు చేస్తుంది. దానికి ఓపికగా కూర్చుని చూసే మనుషులు కావాలి. ఆయన తరగతిలో ఒక గుంటూరు లెక్చరరు ఉంది, స్టెఫీ. ఒక ల్యాబు టెక్నీషియన్ ఉన్నాడు. అందరూ ఆదివారాలు ఖాళీగా ఉండేవాళ్లే. ఊరి బడిలో తొమ్మిదో తరగతిదాకా ఫిజిక్సు చెప్పేవాళ్లు లేక తెలుగు మాస్టారే ఆ పీరియడ్‌లో పద్యాలు అప్పజెప్పించుకున్న పిల్లకు, ఈ తరగతిలో ఎవరూ ఎక్కువ కాదు, తక్కువ కాదు. చూడటమే పని. చూడటం ఆమెకు వచ్చు.

చూడటానికే కదా స్టూడియోలో జీతం. హీరో మేడ మీద నుంచి మేడ మీదికి ఎగురుతాడు, నడుముకు తీగలుంటాయి, ఆ తీగలు ప్రేక్షకుడికి కనపడకూడదు. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, ప్రతి బొమ్మలోనూ తీగ మీద పక్కనున్న ఆకాశం ముక్క అతికించాలి. అయిదేళ్లుగా ఆమె అతికించిన ఆకాశం పరిస్తే జూబ్లీహిల్స్ నుంచి కృష్ణానగర్ దాకా వస్తుందేమో. పని బాగా చేస్తే ఎవరికీ తెలియదు, బాగా చేయకపోతే అందరికీ తెలుస్తుంది. నా పనీ అంతేనే, అంటుంది రమామణి. ఒకరోజు వాన పడుతుంటే, ఫ్రిజ్ మీదున్న స్టీలు ఫ్లాస్కు తుడుస్తూ చెప్పింది. గొంతు కోసం డబ్బింగ్ థియేటర్‌కి వేడినీళ్లు పట్టుకెళ్లిన ఫ్లాస్కు అది, ఇప్పుడు ఊరికే ఉంది. "భర్త పోయిన పాత్ర. తెర మీద ఆవిడ చేతులకు గాజుల్లేవు, నా చేతికున్నాయి. ఏడుస్తూ చెయ్యి కదిపాను, ఒక్క గాజు చప్పుడు, ఇంత సన్నగా. ఎవరికీ వినపళ్లేదు. ఓకే అనేశారు, రీలు మార్చేస్తున్నారు. నేనే అన్నాను, ఇంకోసారి చెబుతానండీ, గాజు పడింది అని." వాళ్లు తిట్టలేదా రమక్కా, అని అడిగింది వర్ణిక. "తిట్టరు. మా థియేటర్‌లో అదొక పద్ధతి. ఓకే అయిపోయిన టేకుని తప్పని తనంతట తనే చెప్పినవాళ్లని తిట్టకూడదు, మెచ్చుకోనూ కూడదు. ఎవరో ఒకరు లేచి, నోరెత్తకుండా బయటికెళ్లి టీ తెస్తారు. క్యాంటీన్ టీ పనికిరాదు, గేటు దాటి వెళ్లి తేవాలి. ఆ రోజు వేంకటరమణ గారు వెళ్లారు, సౌండ్ ఇంజనీరు. ఎవరికీ గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చిన మనిషి కాదు. తడిసి ముద్దయి వచ్చాడు." ఆ తర్వాత ఫ్లాస్కు మూత బిగించి, బయట టీ అంటే బండి కడిగిన నీళ్లేననుకో, నేను మళ్లీ ముట్టుకోలేదు, అంది.

తొమ్మిది ముప్పై. గిన్నెలో కాయలు సగానికి పైగా అయ్యాయి. కొంగ గుర్తొచ్చింది. మొన్న శుక్రవారం చరణ్ తేజ వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు, స్టూడియోలో ఆమె పైన ఉండే మనిషి. వెనక నిలబడి ఏమీ అనలేదంటే ఏదో ఉందన్నమాట.

"వర్ణికా, కొంగ ఏదమ్మా?"

"ఏ కొంగ సార్?"

"ఆ షాట్‌లో కుడి మూల నుంచి కొంగ ఎగురుతూ పోవాలి. డైరెక్టర్ గారు దానికోసం మూడు రోజులు ఆగి తీశారంట. నువ్వు మూడు సెకన్లలో లేపేశావ్."

"తీగ తునక అనుకున్న సార్."

"తీగలకి రెక్కలుండవు తల్లీ."

అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కొంగను వెనక్కి తెచ్చేసింది, అసలు ఫైలు ఉంటుంది కాబట్టి కొంగలు ఎక్కడికీ పోవు. కానీ శనివారమంతా ఏదో పంటికింద ఇసుకలా ఉంది. కొంగను చెరిపిన సంగతి ఆమెకు అస్సలు గుర్తు లేదు. కుంచె పట్టుకున్న గుర్తు ఉంది, టీ తాగిన గుర్తు ఉంది, కొంగ లేదు. చూడకుండా చెరిపింది. చూడటమే పనిగా ఉన్న మనిషి. మరి ఇంకేం చెరిపి ఉంటుంది, ఎక్కడ?

ఈ పొద్దున ఐదింటికి లేచి పదిహేడో నంబరు అసలు పటం తెరిచింది. పైన ఒక మబ్బు, కింద ఒక మబ్బు, మధ్యలో పొగలాంటి దారి, దారి మీద ఒక గెలాక్సీ. అంతా ఉంది. దానితో పాటు, సార్‌కు పంపిన బొమ్మలో లేని ఒక గీత కూడా ఉంది. దగ్గర్లో ఏదైనా బాగా ప్రకాశించేది ఉంటే దాని చుట్టూ పటంలో ఇలాంటి గీతలు పడతాయి, అవి ఆకాశంలో ఉండవు, లెక్కల్లోంచి వస్తాయి. బొమ్మ మీద చెయ్యి పెట్టొద్దు, రంగులు మార్చుకోండి చాలు, అని సార్ మొదటి రోజే చెప్పారు. ఆమె చెయ్యి పెట్టింది. రెండు నెలల కింద ఆ బొమ్మను పంపే ముందు స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఊళ్లో చుట్టాలొస్తే చాప దులిపినట్టు, ఆ గీతను తుడిచేసింది. తుడిచినట్టు గుర్తు లేదు, తుడిచిన బొమ్మ ఉంది. ఇప్పుడు అసలు పటంలో ఆ గీత కింది మబ్బు మీదుగా పోతోంది, గీత ఒకచోట కాస్త లావుగా ఉంది, దాని కింద దాక్కుని ఒక చుక్క. ఆ చుక్క ఉన్నచోటే, మామూలు కెమెరా తీసిన ఫొటోలో, చిన్న నారింజ రంగు గెలాక్సీ ఉంది. అంటే కింది మబ్బు మధ్యలో దాని సొంత మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ కింది మబ్బు దాని నుంచే వచ్చింది, పైమబ్బుకు జత కాదు. మధ్యలో పొగ కూడా ఆ చిన్న గెలాక్సీ వదిలిన తోకే అయి ఉంటుంది. ముప్పై ఎనిమిది లక్షలు లేవు. పాతవాళ్లు ఒకదాన్ని రెండుగా రాసుకున్నారు, ఆమె రెంటిని ఒకటి చేసింది.

చుక్క అని ఎందుకనుకోవాలి, మచ్చ అనుకోవచ్చు కదా. గీత మీద ఉన్నది గీతలో భాగమే అనుకోవచ్చు. ఐదున్నర నుంచి ఆరున్నర దాకా అలాగే అనుకుని చూసింది. సార్ చూశారు, స్టెఫీ చూసింది, ఇంకొకాయన కూడా చూశాడు, ముగ్గురూ బాగుందన్నారు. ముగ్గురూ చూసింది ఆమె తుడిచి పంపిన బొమ్మనే. ఎప్పుడో ఎవరో ఇంకా సున్నితమైన టెలిస్కోపుతో చూసి, ఇది రెండు అని రాస్తారు, అప్పటికి ఆమె పేరు ఎవరికి గుర్తుంటుంది, సైన్సులో తప్పులు జరుగుతూనే ఉంటాయి. పుణెలో చలి ఎక్కువంటారు. కిటికీలోంచి డిష్షులు కనపడే గది ఉంటుందేమో, అవన్నీ ఒకేసారి ఒకే వైపుకు తిరుగుతాయట, పొద్దుతిరుగుడు చేనులాగ. ఇది కూడా మనసులో ఎక్కడో రాసి పెట్టుకుంది. ఈ కాయకు పురుగు. విరిచి పారేసింది. పురుగు ఉన్న సగం తీసేసి రెండో సగం వేయొచ్చు, అమ్మ అలాగే చేసేది. రమామణి చూస్తే మొత్తం పారేయమంటుంది.

అలాగని ఆమెకు ఏడుపు రావడం లేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది. గిన్నె నిండింది, ఈనెల కుప్పను పేపరుతో సహా చుట్టింది. తొమ్మిది యాభై రెండు. డ్రైవరు కారు తుడవడం ఆపి నీడలో కూర్చుని ఫోన్‌లో ఏదో సినిమా చూస్తున్నాడు, అందులోంచి ఒక అమ్మాయి గొంతు, నన్ను నమ్మండి, అంటోంది. పాత సినిమా. ఎవరి గొంతో వర్ణికకు తెలుసు, డ్రైవరుకు తెలియదు. ఆ గొంతు మనిషి వంటింట్లో పాలు దించి, ఇదిగో వస్తున్నా, నేను లేకుండా మొదలెట్టకు, అని కేకేసింది.

రమామణి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, వరండాలో పెట్టిన కంప్యూటరు కెమెరాకు అందకుండా కుర్చీ జరుపుకుని కూర్చుంది. తెర మీద చిన్న చిన్న గళ్లలో మొహాలు వచ్చాయి. ఈయనేనా సార్, కుర్రాడిలా ఉన్నాడే, అని గుసగుసగా అంది, ఆ గుసగుస కూడా చివరి వరుసదాకా వినపడేలా ఉంటుంది. విహారి సార్ నమస్తే చెప్పి చదవడం మొదలుపెట్టారు. ఆయన చదివితే హాజరుపట్టీ చదివినట్టుంటుంది. నంబరు, పేరు, పొడుగు, అభ్యంతరాలున్నాయా, లేవు, తర్వాతది. పదకొండోదానికి స్టెఫీ ఏదో సందేహం అడిగింది, నాలుగు నిమిషాలు పోయాయి. వర్ణిక చేతివేళ్ల నుంచి చిక్కుడు పసరు వాసన వస్తోంది. పద్నాలుగు. పదిహేను. పదహారుకు ల్యాబు టెక్నీషియన్ చెయ్యి ఊపాడు, అది అతనిది.

"పదిహేడు. వర్ణిక. ముప్పై ఎనిమిది లక్షలు. మన జాబితాలో రెండో పెద్దది. అభ్యంతరాలు లేవుగా. పద్దెనిమిది..."

"సార్."

రమామణి మోచేత్తో ఆమె భుజాన్ని తాకింది, థ్యాంక్స్ చెబుతోందనుకుని.

"చెప్పండి."

"అది ఒకటి కాదు సార్. రెండు."

మాట్లాడటం మొదలుపెట్టాక ఊరి మాటే వచ్చింది ఆమెకు. "బొమ్మల ఒక గీత ఉండె సార్. నేను తుడిచిన. గీత కింద చుక్క ఉంది, అది గూడ పోయింది. మీరు చూసింది తుడిచినంకటి బొమ్మ."

"అసలుది పెట్టండి."

పెట్టింది. సార్ కళ్లద్దాలు పైకి తోసి తెరకు దగ్గరగా వచ్చారు, గడి అంతా ఆయన నుదురే కనపడింది. ఊఁ, అన్నారు. ఫొటో కూడా పెట్టమన్నారు. నారింజ రంగు గెలాక్సీ చుక్క కింద సరిగ్గా కూర్చుంది. ఊఁ, అన్నారు మళ్లీ.

"ఎప్పుడు చూశారు?"

"పొద్దున ఐదింటికి సార్."

"చెయ్యి పెట్టొద్దన్నాను కదా."

"అన్నరు సార్."

"సరే. పదిహేడు తీసేద్దాం. స్టెఫీ గారూ, కింది నంబర్లు మారతాయి, చూసుకోండి. వర్ణిక గారూ, మీరు ఇదివరకు పంపినవి ఇంకో రెండున్నాయి, అసలు పటాలతో మళ్లీ చూసి వారంలోగా చెప్పండి. పద్దెనిమిది. కాదు, పదిహేడు."

ఆయన కొత్త పదిహేడు చదివారు. ఎవరిదో వర్ణికకు వినపడలేదు. తెర మీద తన గడిలో తన మొహం మామూలుగానే ఉంది, వెనక గోడకు క్యాలెండరు కొంచెం వంకరగా ఉంది, తర్వాత సరిచేయాలి. సార్ గొంతులో కోపం ఉందా అని వెతికింది, లేదు, మరేదైనా ఉందా అని వెతికింది, అంత సన్నటిది పట్టుకోవడానికి ఇంకా సున్నితమైన పరికరం కావాలి. పక్కకు చూడలేదు. పక్క నుంచి ఏ శబ్దమూ లేదు. ఈ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. మూడేళ్లలో మొదటిసారి వంటింటి కొళాయి కారుతున్న చప్పుడు వరండాదాకా వచ్చింది.

కుర్చీ జరిగింది. రమామణి మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచింది, అబ్బా అనలేదు. వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి పక్కన దించిన పాల మీద మీగడ కడుతోంది, టీపొడి డబ్బా దాని పక్కనే ఉంది. ఆమె ఆ రెంటినీ దాటి ఫ్రిజ్ మీదికి చెయ్యి చాపి ఫ్లాస్కు అందుకుంది, మూత తిప్పి, కొళాయి కింద పట్టి కడిగి, చీరచెంగుతో తుడిచింది. తెర మీద విహారి సార్ పంతొమ్మిది దగ్గర ఉన్నారు. రమామణి గుమ్మంలో చెప్పులు వెతుక్కుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, డ్రైవరు నమస్తే మేడం అన్నా పలకకుండా, గేటు తీసుకుని వీధి మూలకేసి వెళ్లింది.